అమెరికాయాత్రయు ప్రజాస్వామ్యపరీక్షయు

ఈ కాలమున యువనాయకులను, పత్రికాకర్తలను, శాసనసభ్యులను రెండు మూడు వారములపాటు పరదేశమునకు బంపి, అచ్చటి ప్రజాస్వామ్యమును, పౌరసంఘములను, ఆచారవ్యవహారములను జూపి తిరిగి యింటికి జేర్చు విద్యాయాత్రలు విశేషముగా జరుగుచున్నవి. అమెరికాప్రభుత్వమువారి యిట్టి యేర్పాటు 1940 వ సంవత్సరమున లాటిన్ అమెరికా పత్రికాకర్తల నాహ్వానించుటతో మొదలయ్యెను. తరువాతికాలమున నింగ్లండునకు బ్రధానమంత్రిణియైన మార్గరెట్ థాచరు 1967 లో నీ యేర్పాటువలననే యాదేశమును జూచి వచ్చెను. ఇట్టి యాత్రలవలన గలుగు జ్ఞానమెంత, యేమూలనుండి కలుగును అని విచారింప దలచువారు, వీని కన్నిటికిని బెద్దదియైన యొక పూర్వయాత్రను, దానినుండి పుట్టిన గ్రంథమును బరిశీలించుట యుక్తమని మాకు దోచుచున్నది. ఆ యాత్ర అలెక్సీ ద తోక్విల్ అను ఫ్రెంచి యువకునిది. ఆ గ్రంథము 1835 లో నొక భాగముగను, 1840 లో రెండవ భాగముగను వెలువడిన "అమెరికాలో ప్రజాస్వామ్యము".

తోక్విల్ ప్రభువంశమున బుట్టినవాడు. అతని తల్లికి మాతామహుడైన మాల్‌షెర్బ్ 1794 లో గిలొటీను పాలయ్యెను. తల్లిదండ్రులు చెరసాలలో నుండి బ్రతికి బయటపడిరి. ప్రజాపాలనమును నిర్హేతుకముగా బ్రేమించుటకు గారణమేమియు లేని యింటివాడన్నమాట. 1830 లో రాజు మారగా, వెర్సాయి న్యాయస్థానమున నుద్యోగియైన యితడు క్రొత్తరాజునకు బ్రమాణము చేసియు స్వస్థత చెందక, మిత్రుడగు గుస్తావ్ ద బోమోంతో గూడి, అమెరికా చెరసాలలను బరీక్షించెదమని ప్రభుత్వమువారి సెలవు పొందెను. వ్యయమంతయు దమదే. 1831 ఏప్రిల్ 2 వ తేదీన నోడ యెక్కి, మే 9 వ తేదీన న్యూపోర్టు రేవున దిగి, 1832 ఫిబ్రవరి 20 వ తేదీన మరల స్వదేశమునకు బయలుదేరిరి. ఆ 1831 సెప్టెంబరులోనే మన యేనుగుల వీరాస్వామయ్యగారు కాశీయాత్ర ముగించుకొని చెన్నపట్టణము చేరిరి. ఆయన తీర్థములకని పోయి దారులను, ధరవరలను, కులాచారములను వ్రాసికొని వచ్చెను. వీరు చెరసాలలకని పోయి రాజ్యాంగమును వ్రాసికొని వచ్చిరి.

గ్రంథములో మాకు మిక్కిలి విలువగలదిగా దోచినది కాంగ్రెసు సభలనుగూర్చిన ప్రకరణము గాదు. న్యూ ఇంగ్లండు ప్రాంతమున రెండు మూడువేల జనముండు టౌన్‌షిప్పులనుగూర్చిన ప్రకరణము. అచ్చట బ్రతివత్సరమును బౌరులు సభచేరి, సెలెక్టుమెన్ అనబడు కొలదిమంది పెద్దల నెన్నుకొందురు. పన్ను విధించువాడు, వసూలుచేయువాడు, బీదలను విచారించువాడు, బాటలు చూచువాడు, బడులు చూచువాడు, ఇట్లు ముఖ్యోద్యోగములు పందొమ్మిది వేర్వేరు వ్యక్తులకు బంచి పెట్టబడును. క్రొత్తబడి కావలసినచో బెద్దలు తమంత గట్టింపరాదు. ఊరివారిని సభకు బిలిచి, యవసరమును, స్థలమును, వ్యయమును దెలుపవలయును. అధికార మిట్లు ముక్కలుముక్కలుగా బంచినందున సామర్థ్యము కొంత చెడును గదా యని తోక్విల్ తానే శంకించుకొని, చెడినను సరే, దీనివలన ననేకులు ఊరి పనిని దమ పనిగా దలచుట కలవాటుపడుదురని సమాధానము చెప్పుకొనెను. తాలూకాకచ్చేరి మెట్లమీద నర్జీ చేతబట్టుకొని నిలుచుటయే రాజకీయవిద్యయని తలచు మనబోంట్లకు ఈ ప్రకరణము రెండుమారులు చదువదగినది.

సంఘములనుగూర్చి వ్రాసిన దంతకంటె ప్రసిద్ధము. లక్షమంది చేరి మద్యము ముట్టమని బహిరంగముగా బ్రతిజ్ఞ చేసిరని వినినప్పుడు, ఈ మితాహారులు తమ యిండ్లలోనే నీళ్లు త్రాగి యూరకుండరాదా యని యాతడు మొదట పరిహాసముగా దలచెను. ఒంటరివాని నడత యెవరికిని గనబడదనియు, ఫ్రాన్సులో బ్రభుత్వమును, ఇంగ్లండులో బ్రభువును జేయు పనిని ఇచ్చట గూడిన సామాన్యులు చేయుదురనియు దరువాత గ్రహించెను. ఇంతవరకును మాకు విప్రతిపత్తి లేదు.

స్త్రీలనుగూర్చిన ప్రకరణములయందు మాత్రము మే మాతనితో నేకీభవింపజాలము. అమెరికా కన్యక స్వతంత్రబుద్ధి గలదనియు, వివాహమైనపిదప నాస్వాతంత్ర్యమును దానే యిష్టపూర్వకముగా విడిచి గృహబంధమున కొడంబడుననియు నాతడు ప్రశంసించెను. ఆ ప్రశంస వెలువడిన యెనిమిదేండ్లకే, 1848 లో, సెనెకా ఫాల్స్ అను చిన్నయూర స్త్రీలు సభచేసి, ఆస్తి, విద్య, వోటు మొదలగు హక్కులు తమకు లేకుండుట యన్యాయమని ప్రకటనపత్రము వ్రాసిరి. అరువదియెనమండ్రు స్త్రీలును, ముప్పదియిద్దరు పురుషులును దానిపై సంతకములు చేసిరి. ఆ యూరు, 1831 లో నితడు చెరసాల చూడబోయిన ఆబర్న్‌కు గొలదిదూరముననే యున్నది. పెద్దమనుష్యుల విందులలో గనబడు గృహిణి ముఖమును జూచి యామె యంగీకారమును నిర్ణయించుట యెంత యపాయకరమో మన యిండ్లవారికి వేరుగ జెప్ప నక్కరలేదు.

ఈ యాత్రలో నాతడు నిజముగా జెవియొగ్గి వినిన స్థలమొకటి కలదు. సింగ్ సింగ్ చెరసాలలో దొమ్మిదివందలమంది ఖైదీలు ముప్పదిమంది కావలివాండ్రక్రింద సంకెలలు లేక నిశ్శబ్దముగా రాళ్లు కొట్టుట చూచి మిత్రులిద్దరు నాశ్చర్యపడిరి. ఆ నిశ్శబ్దమునకు మూలము కొరడా యని వారికి దెలియకపోలేదు. పిమ్మట 1831 అక్టోబరులో ఫిలడెల్ఫియా చెరసాలకు బోయి, ఒక్కొక్కగదిలో నొంటరిగా నుంచబడిన ఖైదీలకడకు దోక్విల్ కావలివాడు లేకుండ బోయి, వారి మాటలు వ్రాసికొనెను. ఒకడు బైబిలు, ఒకడు పని, తమ్ము బ్రతికించుచున్నవనిరి. కొందరు కన్నీరు విడిచిరి. 1833 నాటి చెరసాలల నివేదికకు జేర్చిన యా పుటలలో సిద్ధాంతము తక్కువ, మనుష్యుడెక్కువ.

దక్షిణరాష్ట్రములలో నట్టి గదితలుపు లాతడు తట్టలేదు. తొమ్మిదినెలల యాత్రలో బానిసరాష్ట్రములకు దక్కిన దినములు చాల తక్కువ. న్యూ ఆర్లియన్సు వంటి నగరమున మూడునాళ్లు మాత్రమే. ఓహయో నదికి నొకదరి స్వతంత్రుల శ్రమవలన నెట్లు వర్ధిల్లినదో, రెండవదరి దాస్యమువలన నెట్లు మందగించినదో యాతడు చక్కగా వర్ణించెను. కాని యాసాక్ష్యము చెప్పినవారు న్యాయవాదులు, వర్తకులు, క్షేత్రస్వాములు. ఆ కొరతను గొంత తీర్చినవాడు బోమోం. అతడు 1835 లో బ్రకటించిన "మారీ" యను నవలకు బీఠికలో నొక నాటకశాల వృత్తాంతము కలదు. నల్లవారు, మిశ్రజాతివారు, తెల్లవారు వేర్వేరు వరుసల గూర్చుండగా, మిశ్రజాతివారి నడుమ మిక్కిలి తెల్లని యొక స్త్రీ కనబడెను. ఇదేమని యడుగగా, ఆమె పూర్వులలో నొకరు మిశ్రజాతివారని ఊరందరికి దెలియుననిరి. కంటి కగపడని రంగును ఊరు జ్ఞాపకముంచుకొనుట! ఈ వాక్యము చదువునప్పుడు మనము తలదించుకొనక తప్పదు. మన యూళ్లకును నిట్టి జ్ఞాపకశక్తి యున్నది.

తోక్విల్ గ్రంథములో మరువరాని పుట మెంఫిసుకడ జూచిన దృశ్యము. 1831 డిసెంబరు, మిసిసిపీనదిమీద మంచుగడ్డలు తేలుచున్నవి. 1830 నాటి శాసనముచేత స్వభూమినుండి వెడలగొట్టబడిన చోక్తాలు, వృద్ధులతో, రోగులతో, పసికందులతో, గుడారములైనను బండ్లైనను లేక యొడ్డున జేరి, ఏడ్వక, మాటాడక యోడ యెక్కిరి. తమ్ము విడిచిపోవుచున్నారని యెఱిగి, కుక్కలు పెద్దపెట్టున నరచుచు నా చల్లని నీటిలో దుమికి యోడవెంట నీదెను. ఇదియంతయు విధివిహితముగా, సంతకములతో, సంధిపత్రములతో జరిగెనని యాతడు వ్రాసిన యుపహాసము నేటికిని గాయమువలె నున్నది. మరి, కొలదివారములకే, 1832 జనవరిలో, ఆ శాసనమునకు సంతకము చేసిన జాక్సన్ అధ్యక్షుని వాషింగ్టనులో నాతడు దర్శించెను. ఆ భేటి కొన్ని నిమిషముల మర్యాదగా ముగిసెను. అధ్యక్షుని ముంగిట మెంఫిసు ప్రశ్న యడుగుటకు వీలు లేదు. అతిథికి మర్యాదయే సంకెల.

నేటి విద్యాయాత్రల కిది విశేషముగా వర్తించును. వానిలో జూడదగిన కచ్చేరిని, కలియదగిన సంఘమును ఆతిథ్యమిచ్చువారే యేర్పఱచి, గడియారముచొప్పున నడపుదురు. తోక్విల్ స్వధనముతో, తన యిష్టమువచ్చిన దారిని, తొమ్మిదినెలలు తిరిగియు నిన్ని తలుపులు తట్టలేకపోయెనన్నచో, మూడువారముల యతిథులు తమ పట్టికలో లేని యొక పల్లెసభకైనను, ఒక చెరసాలగదికైనను బట్టుపట్టి పోవలయునని మే మందుము.

1841 లో దోక్విల్ మరల బోమోంతో యాత్ర చేసెను. ఈసారి తన దేశమువారు జయించుచున్న అల్జీరియాకు. అచ్చట నాతని యాతిథేయులు ఫ్రెంచి సేనానులు, ఉద్యోగులు, వలసవచ్చినవారు. అతిసారముచేత యాత్ర మధ్యలో నాగిపోయెను. తిరిగివచ్చి వ్రాసిన నివేదికలో, అరబ్బుల పంటలు తగులబెట్టుట, ధాన్యపు పాతరలు దోచుట, ఆయుధములు లేని పురుషులను, స్త్రీలను, పిల్లలను బట్టుకొనుట విచారకరములే యైనను యుద్ధమున దప్పనివని యాతడు సమర్థించెను. మెంఫిసు పుట వ్రాసిన చేయియు నిదియే.