కాంటా మీద పాతబస్తీ

హైదరాబాదు రోజుకు ఎంత చెత్త పారేస్తుంది? 2004–05లో నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కోసం 59 నగరాల చెత్తను లెక్కగట్టారు. ఆ పట్టికలో మన ఊరి వరుస ఇది: జనాభా 38.44 లక్షలు, రోజుకు 2,187 టన్నులు, మనిషికి 0.57 కిలో. ఆ ఒక్క వరుస వెనకున్న పనితనం నాకు ఎంతో గౌరవం కలిగిస్తుంది.

ఎందుకంటే అంతకంటే సులువైన దారి ఒకటి అప్పటికే ఉంది. కేంద్ర ప్రభుత్వం 2000లో మునిసిపాలిటీల కోసం వేసిన చేతిపుస్తకంలో జనాభానుబట్టి తలసరి చెత్త ఎంతో రాసి ఉంది. 20 నుంచి 50 లక్షల జనాభా ఉన్న ఊరికి అది 0.35 కిలో. దాన్ని గుణిస్తే హైదరాబాదుకు 1,345 టన్నులు వస్తుంది. ఆ అంకె 1996 నాటిది కాబట్టి ఏటా 1.3 శాతం చొప్పున పెంచుకుంటూ పోయినా 1,530 దాటదు. చేతిపుస్తకాన్ని నమ్మి బండ్లు కొన్న మునిసిపాలిటీకి రోజూ 650 టన్నులు వీధిలోనే మిగిలేవి. ఎండలో నిలబడి తూచినవాళ్ళు పట్టుకున్నది ఆ తేడానే.

తూచడంలోనూ ఒక నేర్పు ఉంది. కుప్ప పైనుంచి ఒక తట్టెడు తీసుకుంటే అది ఆ కుప్ప కాదు. పైనా లోపలా పదిచోట్ల నుంచి తీసి, బాగా కలిపి, నేలమీద పరిచి, నాలుగు భాగాలు చేస్తారు. ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకుని మిగతా రెండూ తీసేస్తారు. మళ్ళీ కలుపుతారు, మళ్ళీ పంచుతారు. ప్రయోగశాలకు పట్టేంత మిగిలేదాకా ఇదే పని. అలా తేలిన సంగతులు: హైదరాబాదు చెత్తలో 54.2 శాతం కుళ్ళి ఎరువయ్యేది, 21.6 శాతం మళ్ళీ వాడుకోగలిగేది. తేమ 46 శాతం. అంటే 2,187 టన్నుల్లో వెయ్యి టన్నులు ఉత్త నీళ్ళే. డీజిలు పోసి మనం రోజూ ఊరు దాటిస్తున్నది దాదాపు సగం నీరే.

ఇక పాతబస్తీకి వస్తే లెక్క మరింత జటిలం. మీర్ ఆలం మండీలో ఆకులూ కాడలూ, పత్తర్‌గట్టీ బట్టల దుకాణాల్లో అట్టపెట్టెలూ ప్లాస్టిక్ కవర్లూ, మొఘల్‌పురా ఇళ్ళలో వంటింటి చెత్త. ఈ మూడింటినీ ఒకే సగటులో కలిపేస్తే ఏదీ కనిపించదు. పైగా ఎక్కడ నిలబడి తూచారన్నది ముఖ్యం. ఇంటి గుమ్మంలో తూస్తే ఒక బరువు. గల్లీ చివర తూచేసరికి ఇనుమూ సీసాలూ అట్టలూ కబాడీకి వెళ్ళిపోయి ఉంటాయి. చెత్తను పెద్ద లారీల్లోకి మార్చే ట్రాన్స్‌ఫర్ స్టేషన్ కాంటా మీద తూస్తే వాన నీళ్ళూ ఇల్లు పడగొట్టిన రాళ్ళూ కలిసొస్తాయి. గుమ్మానికీ కాంటాకూ మధ్య వచ్చే తేడాలోనే కబాడీవాళ్ళ శ్రమ దాగి ఉంది. వాళ్ళను లెక్కలోకి తేకుండా నగరం చెత్త అంచనా పూర్తయిందని నేను ఒప్పుకోను.

చెత్త ఎత్తే పద్ధతుల్ని పోల్చడానికి కూడా ఈ తూకమే ఆధారం. ఒకప్పటి పెద్ద ఇనప డంపర్ బిన్‌కు ఒక డ్రైవరు చాలు, టన్నుకయ్యే ఖర్చూ తక్కువే. అయితే దాన్ని ఎత్తే లారీ తిరగడానికి వెడల్పాటి రోడ్డు కావాలి. గల్లీలోని ఆడవాళ్ళు బకెట్టు పట్టుకుని రోడ్డుదాకా నడిచిన శ్రమ మాత్రం ఏ పద్దులోనూ రాదు. చెత్తను అదిమి నింపే కంపాక్టర్ పెద్ద ఖరీదు. అది పుట్టింది తేలికపాటి ప్యాకింగు చెత్త పారేసే దేశాల కోసం. మన చెత్త తడిది, ముందే బరువైనది, ఘనపు మీటరుకు సుమారు 400 నుంచి 500 కిలోలు తూగుతుంది. అదిమితే మిగిలే చోటు కొంచెమే.

2015లో నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ దించిన స్వచ్ఛ ఆటో ఈ గల్లీల కొలతకు కుట్టించిన చొక్కాలాంటిది. తడి చెత్తకు ఆకుపచ్చ డబ్బా, పొడి చెత్తకు నీలం డబ్బా ఇంటింటికీ పంచారు, బండిలోనూ రెండు అరలు పెట్టారు. దాని బలహీనత మోసే బరువులో ఉంది. అర టన్ను పట్టే బండి అనుకుందాం. ఇంటికి ఐదుగురు, మనిషికి 400 గ్రాములైతే 250 ఇళ్ళకే నిండిపోతుంది. తర్వాత దించి రావాలి. దించే చోటు దూరమైతే రోజంతా చెత్త ఎత్తడంలో కాక తిరుగుడులోనే పోతుంది. అందుకే మూసీ ఒడ్డున ఇమ్లీబన్‌లో ట్రాన్స్‌ఫర్ స్టేషన్ ఉండడం పాతబస్తీకి అంత మేలు. చిన్న బండి అక్కడ దించి గల్లీకి తిరిగొస్తుంది, పెద్ద లారీ డంపింగ్ యార్డు ఉన్న జవహర్‌నగర్ దారి పడుతుంది.

ఆ ఆటో నడిపేవాళ్ళ పనితనాన్ని నిలబడి చూడాలి. రెండు వైపులా మోటారుసైకిళ్ళు ఆగి ఉన్న సందులో అద్దాలు మడిచి వెనక్కి తీసుకెళ్తారు. డబ్బా చేతికి రాగానే బరువునుబట్టే అందులో ఏముందో పసిగడతారు. తడిలో కలిసిన సీసాను ఒక్క చేత్తో తీసి అవతలి అరలో వేస్తారు. ఏ ఇంట్లో పెళ్ళయిందో, ఎవరు ఇల్లు ఖాళీ చేశారో సర్వే కాగితాల కంటే ముందు వాళ్ళకే తెలుస్తుంది. నమూనా ఇళ్ళు ఎంచుకునే ఇంజనీర్లు ముందుగా కూర్చుని మాట్లాడవలసింది వీళ్ళతోనే.

ఎప్పుడు తూచాలో కూడా వాళ్ళే చెప్పగలరు. వరుసగా ఏడు రోజులు తూస్తే ఆదివారమూ శుక్రవారమూ దొరుకుతాయి గాని పాతబస్తీ సంవత్సరం దొరకదు. రంజాన్ నెలలో చార్మినార్ చుట్టూ రాత్రంతా బజారు, పండ్ల తొక్కలు, హలీమ్ గిన్నెలు. బక్రీద్ మూడు రోజులూ వ్యర్థాల స్వభావమే వేరు, వాటికి ప్రత్యేకంగా కవర్లూ బండ్లూ కావాలి. లాల్‌దర్వాజా బోనాలు, వినాయకుల ఊరేగింపు వచ్చే రోజుకు మరో లెక్క. వీటికి విడివిడిగా కాంటా చీటీలు దాచి, మామూలు రోజుల సగటుతో కలపకుండా ఉంచితే, ఏ పండక్కి ఎన్ని ఆటోలు అదనంగా పెట్టాలో, ఇమ్లీబన్‌లో ఎన్ని లారీలు సిద్ధంగా ఉంచాలో చార్మినార్ జోన్ అధికారులకు వారం ముందే తెలిసిపోతుంది.