ఆగని ఓడ

డెడాలస్ కాగితం మీద తప్ప ఎక్కడా లేని ఓడ. 1973 నుంచి 1978 దాకా బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీకి చెందిన కొద్దిమంది, అలన్ బాండ్ సారథ్యంలో, తీరిక వేళల్లో కూర్చుని లెక్కలు కట్టిన నక్షత్ర నౌక అది. చదువుతుంటే ప్రబంధ వర్ణనలో పడ్డట్టే ఉంటుంది. అతిశయోక్తికేం లోటు లేదు, కాకపోతే ప్రతిదానికీ కింద గణితం ఉంది.

మొత్తం బరువు 54 వేల టన్నులు, అందులో 50 వేలు ఇంధనమే. డ్యుటీరియం, హీలియం-3 కలిపి చేసిన గోలీకాయంత గుళికలు. సెకనుకు 250 చొప్పున ఇంజిన్ గదిలోకి వస్తాయి. గుళిక నడిమధ్యకు చేరగానే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ పుంజాలు దాన్ని నొక్కి పేలుస్తాయి. డ్యుటీరియం, హీలియం-3 జంట కలిస్తే ప్రధానంగా పుట్టేవి ప్రోటాన్లు, హీలియం కేంద్రకాలు. రెండింటికీ విద్యుదావేశం ఉంది కాబట్టి అయస్కాంత క్షేత్రం మాట వింటాయి. ఉబ్బుకొచ్చే ఆ మంట క్షేత్రాన్ని వెనక్కి నెడుతుంది, క్షేత్రం తిరిగి విదిల్చి దాన్ని బయటికి పారేస్తుంది. ఓడ ముందుకు జరుగుతుంది. పోతూపోతూ ఆ మంటే తీగచుట్టలో కాస్త కరెంటు పుట్టించి, తర్వాతి గుళికను పేల్చే ఖర్చు చెల్లించి మరీ పోతుంది! చోదకమూ అదే, విద్యుత్ కేంద్రమూ అదే. ఇంత పొదుపైన అల్లిక కావ్యాల్లోనూ అరుదు.

హీలియం-3 భూమ్మీద బహు స్వల్పం. అందుకని గురుగ్రహ వాతావరణంలో బెలూన్లకు ఫ్యాక్టరీలు వేలాడదీసి 20 ఏళ్లు తోడాలన్నారు. ఇక్కడ మాత్రం కవిగారు కాస్త చేయి జారారు.

నాలుగేళ్లకు కాస్త తక్కువ కాలం మండి, కాంతి వేగంలో 12 శాతం అందుకుని, ఇంజిన్ ఆగిపోతుంది. ఆపైన నలభై ఆరేళ్లు ఊరికే సాగడమే, ముందువైపు 7 మిల్లీమీటర్ల బెరీలియం పలకతో ధూళిని కాచుకుంటూ. గమ్యం సుమారు ఆరు కాంతి సంవత్సరాల దూరంలోని బర్నార్డ్ నక్షత్రం. ఓడకు బ్రేకు లేదు. భూమికీ సూర్యుడికీ మధ్య ఉన్నంత దూరాన్ని గంటా పది నిమిషాల్లో దాటే వేగంతో, అర్ధశతాబ్దం ఎదురుచూసిన నక్షత్రాన్ని చూస్తూ చూస్తూ దాటిపోతుంది. ఆపాలంటే ఇంధనం ఎన్నో రెట్లు పెరగాలి. ఆ లోభానికి లొంగకపోవడమే ఔచిత్యం.

2009లో ఇకారస్ పేరుతో ఈ నమూనాను తిరగరాయబూనినవాళ్లు గమ్యం దగ్గర వేగం తగ్గాలని నియమం పెట్టుకున్నారు. శాస్త్రానికి అదే మేలు, కాదనను. నా ఓటు మాత్రం ఆగని ఓడకే.