పల్లి వేరులో ఇనుము

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ఊళ్లలో యాసంగి పల్లి పూతకొచ్చే రోజుల్లో ఏ చేను దగ్గర ఆగినా ఒక మొక్కను తవ్వి చూడనిదే నాకు కాలు కదలదు. తవ్వాలి, లాగకూడదు. లాగితే చూడవలసిన బుడిపెలు మట్టిలోనే రాలిపోతాయి. పక్కవేర్లు పుట్టే మొదళ్లలో ఆవగింజంత ఉంటాయవి. ఒకదాన్ని గోటితో చీలుస్తాను. లోపల ఎర్రగా ఉంటే సంతోషం. తెల్లగా ఉంటే అక్కడ పని సాగడం లేదు. ఆకుపచ్చగా మారితే దాని పని ముగిసింది.

"గీ బుడిపెలేంది సారూ, తెగులా?" అని అడిగే రైతులు ఇప్పటికీ ఉన్నారు. కాదన్నా, నీ యూరియా తయారయ్యేది ఇక్కడే అంటాను.

ఆ ఎరుపు ఇనుముది. మన నెత్తురులోని హీమోగ్లోబిన్‌కు దగ్గరి చుట్టం లెగ్‌హీమోగ్లోబిన్ బుడిపెలోపలికి ఆక్సిజన్‌ను కొలిచి పంపుతుంటే, రైజోబియం జాతి బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు అందిస్తుంది. ఆ పనిచేసే ఎంజైమ్ నైట్రోజినేజ్. దాని గుండెలో ఏడు ఇనుము పరమాణువులు, ఒక మాలిబ్డినం పరమాణువు ఉంటాయి. లోహం అందకపోతే బ్యాక్టీరియా ఉండీ లేనట్టే.

అలంపూర్ వైపు నల్లనేలల్లాంటి చోట్ల సున్నం ఎక్కువైతే, మట్టిలో ఇనుము ఉన్నా కరగదు. లేత ఆకులు పాలిపోతాయి. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఇనుము సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి కొడతాం. ఇది ఆకు కోసమే అనుకుంటాం గానీ, 1988లో అచ్చయిన ఓహారా బృందం పరిశోధన నన్ను ఆలోచనలో పడేసింది. ఇనుము కొరతతో వేరుశనగ మొక్క ఎదుగుదల పెద్దగా తగ్గలేదు. బుడిపెల బరువు, వాటిలోని బ్యాక్టీరియా సంఖ్య మాత్రం బాగా పడిపోయాయి. అంటే పైన చేను బాగానే కనిపిస్తున్నప్పుడు కింద ఆకలి మొదలై ఉండవచ్చు. అందుకే ఆకునొక్కదాన్నే చూసి చేను బాగుందని చెప్పలేను.

మేలు చేసే లోహాలున్నట్టే చంపేవీ ఉన్నాయి. రాగి ఉప్పైన మైలుతుత్తం సంగతి ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లో మిల్లార్డే అనే శాస్త్రవేత్త 1885లోనే లోకానికి చెప్పాడు. రాగి బ్యాక్టీరియాను ఎలా చంపుతుందో మాత్రం చాలా ఆలస్యంగా తేలింది. కణంలో రాగి మోతాదు మించితే, కొన్ని ఎంజైముల్లో ఇనుము, గంధకం కలిసి ఉండే గుత్తుల్లోంచి ఇనుమును వెళ్లగొడుతుంది. మాకోంబర్, ఇమ్లే అనే శాస్త్రవేత్తలు 2009లో ఈ.కోలై బ్యాక్టీరియా మీద దీన్ని చూపించారు. నైట్రోజినేజ్ బతికేదే అలాంటి గుత్తుల మీద.

తెగులును చంపే మందు మేలు చేసే బ్యాక్టీరియాకు తగలకూడదన్నదే విత్తనశుద్ధి దగ్గర నా పట్టుదల. మొదలుకుళ్లు రాకుండా కిలో గింజలకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టిస్తాం. అది మాంగనీసు, జింకు కలిసిన మందు. పట్టించవద్దని చెప్పను, మొలకలు చస్తే ఇక మిగిలేదేముంది? కానీ కూలీలు వచ్చేశారన్న తొందరలో మందునూ రైజోబియం కల్చర్‌నూ ఒకే గోనెపట్టా మీద ఒకేసారి కలిపేయడం చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. మందు ముందు పట్టించి, ఆరనిచ్చి, కల్చర్‌ను చివరన నీడలో పట్టించి, అదే రోజు విత్తాలి. అంత తీరిక లేకపోతే ఇంకో మంచి దారి ఉంది. కల్చర్‌ను గింజకు అంటించకుండా, చివికిన పశువుల ఎరువులో కలిపి సాళ్లలో వేయడం.