ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి... ఆ తర్వాత?

సూరత్‌లో ఏ గుజరాతీ పత్రిక తెరిచినా బేసణు ప్రకటనలు కనబడతాయి. పోయినవారి ఫొటో, పేరు, ఆడవాళ్లైతే ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి, మనవల పేర్లు, పరామర్శకు ఎక్కడికి, ఏ వేళకు రావాలో. లింబాయత్, ఉధ్నా వైపు మన తెలుగువాళ్లు కొందరు దశదినకర్మ కార్డును కూడా అదే పద్ధతిలో వేయిస్తున్నారు. కార్డు మీద పోయినావిడ గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని తెలిసినవాళ్లు నన్ను పిలుస్తుంటారు. నాకు ఇష్టమైన పని అది. రాయగా రాయగా ఒక సంగతి గట్టిగా నాటుకుంది: ఆడమనిషి జీవితాన్ని ఆమె చేసిన పని దగ్గర మొదలుపెట్టి రాయాలి.

‘ఎలాంటి మనిషి?’ అని అడిగితే ఏ ఇంట్లోనైనా ఒకే జవాబు: చాలా మంచిది, ఓపిక ఎక్కువ. అందుకే అలా అడగను. పొద్దున్నే లేచి ముందు ఏం ముట్టుకునేది, కూలి డబ్బులు ఎక్కడ దాచేది, పండగనాడు ఎవరింటికి వెళ్లేది అని అడుగుతాను. ఏ సంవత్సరమని అడిగినా లాభం లేదు, చాలామందికి పుట్టిన ఏడే తెలియదు. ప్లేగుకు ముందా తర్వాతా అంటే మాత్రం ముసలివాళ్లకు టక్కున గుర్తొస్తుంది. 1994 సెప్టెంబరులో ప్లేగు భయానికి లక్షలమంది సూరత్ వదిలి వెళ్లారు. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీళ్లతో తాపీ నది నగరాన్ని ముంచేసింది. ఈ రెండు గుర్తుల మధ్య ఇక్కడి ఏ కుటుంబం కథైనా వరసలోకి వస్తుంది.

మొన్న వానాకాలంలో పోయిన ఒక పెద్దావిడ గురించి రాశాను. కరీంనగర్ వైపు ఊరు. భర్త సాంచాల (మరమగ్గాల) మీద పనికి సూరత్ వస్తే వెంట వచ్చింది. మొదట కండెలు చుట్టింది. ప్లేగప్పుడు పిల్లలతో ఊరికి వెళ్లి, తిరిగొచ్చాక ఇంట్లోనే చీరలకు రాళ్లు అంటించే పని పట్టింది. రింగ్ రోడ్డు మార్కెట్ చీరలు మూటలుగా బస్తీకి వస్తాయి. చీర పరిచి, డిజైన్ మీద జిగురు చుక్కపెట్టి, ఒక్కో రాయీ అద్దాలి. జిగురు ఎక్కువైతే మరక, తక్కువైతే రాయి రాలిపోతుంది. చీర లెక్కన కూలి. వెలుతురు కోసం గుమ్మం పక్కనే కూర్చునేదట. ఆ కూలితోనే కూతురికి పుస్తకాలు కొనింది. ఇక్కడి మునిసిపల్ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది, ఆ అమ్మాయి అక్కడే చదివింది.

బతుకమ్మకు తంగేడు దొరక్కపోతే బంతిపూలతోనే పేర్చి, ముందు తనే పాట ఎత్తుకునేదని ఇరుగుపొరుగు చెప్పారు.

అందరికంటే ఎక్కువ చెప్పింది ఆమె భర్త. విశ్వనాథ సత్యనారాయణ అంతటివాడు భార్య పోయిన దుఃఖంలో ‘వరలక్ష్మీ త్రిశతి’ రాశారు. ఈయనకు పద్యం రాదు, కానీ ఆమెను గమనించిన తీరు ఏ కవికీ తీసిపోదు. మూడోనాడు పిట్టకు పెట్టేటప్పుడు ఆమెకు ఇష్టమైనవి ఏవని ఇంట్లో తర్జనభర్జన పడుతుంటే ఆయనే అన్నారట: “గామెకు పోంక్ అంటే పాణం. మనూర్ల ఊసబియ్యం లెక్కనే ఉంటదని తినేది.” చలికాలంలో దొరికే లేత జొన్నల పోంక్‌ను సూరతీలు సేవ్‌తో తింటారు, ఆమె ఉత్తగానే తినేదట. వానాకాలంలో అది ఎక్కడ దొరుకుతుంది? కనీసం కార్డులో రాయమన్నారు. రాశాను.

రాళ్ల పని సంగతి మాత్రం పెద్దకొడుక్కి నచ్చలేదు. “గదంతా ఎందుకు సార్? సూసినోళ్లు ఏమనుకుంటరు?” అన్నాడు. ఇప్పుడతను మార్కెట్‌లో నలుగురూ ఎరిగిన మనిషి. తల్లి కూలి చేసిందని అచ్చులో కనబడటం అతనికి కష్టంగా ఉంది. తల్లిని తక్కువ చేయకూడదనే తాపత్రయమే అది, నేను అర్థం చేసుకోగలను. అయినా ఒప్పుకోలేకపోయాను. ముప్పై ఏళ్లు వంగి చేసిన పనిని తీసేస్తే ఆ కాగితం మీద ఆమె ఎక్కడుంటుంది? నేను నోరు విప్పేలోపే చెల్లెలు అందుకుంది: “గా పైసలతోనే గదా అన్నా, మనం ఈడ నిలబడ్డది!” అతను చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కాగితం తండ్రికిచ్చాడు. “ఉండనీ,” అన్నారాయన.

మనవరాళ్లు గుజరాతీయే బాగా చదువుతారు కాబట్టి ఒకవైపు తెలుగులో, ఇంకోవైపు గుజరాతీలో వేయించాం. కర్మనాడు ఒక మనవరాలు దాన్ని పైకి చదివింది. గుమ్మం దగ్గర ఆమెతో కలిసి పనిచేసిన ఆడవాళ్లు విన్నారు. వాళ్లలో ఒకామె లేచి, “నాకు రాయి అంటించుడు నేర్పింది గామెనే. అది రాయలే,” అంది. ఇంకా ఎవరెవరికి నేర్పిందో వాళ్లే లెక్క చెప్పారు. సంవత్సరీకానికి వేయించే కార్డు కోసం ఆ పేర్లన్నీ రాసుకున్నాను.