చేస్తేనే తెలిసే బోధ

ఏసు అసలు ఏం చెప్పాడన్న ప్రశ్న కడప, కర్నూలు వైపు చదువుకున్న యువత నోట ఈమధ్య తరచూ వింటున్నాను. సభల హోరు, స్వస్థతల ప్రకటనలు చూసి విసిగినవాళ్లు సంఘాలు కట్టకముందున్న బోధ ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారు. కొందరు 1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మదీలో బయటపడ్డ పాత క్రైస్తవ రాతప్రతుల్లో వెతుకుతారు. వెతకడం మంచిదే. కానీ ఆ బోధను ఎవరూ దాచిపెట్టలేదు. మత్తయి సువార్తలో 5 నుంచి 7 వరకు, కొండమీది ప్రసంగంగా మన ఇళ్లలోనే ఉంది.

నేను పొద్దున్నే ఆ మూడు అధ్యాయాలు పైకి చదువుతాను. పావుగంట పడుతుంది. అందులో ఒక్క మాట పట్టుకుని, దాన్ని ఆ రోజు చేయడానికి చూస్తాను. అంతే నా సాధన. ఫ్యాక్షన్ కక్షలు తరాలకు తరాలు నడిచిన సీమలో పగవాణ్ని ప్రేమించమనడం మామూలు మాట కాదు. కానుక అర్పించేముందు సహోదరుడితో సమాధానపడమన్న మాట చదివిన రోజున, గట్టు తగాదాతో ఏళ్లుగా పలకరింపులేని దాయాది ఇంటికి వెళ్లాను. గడపలో కాసేపు ఇద్దరికీ మాట రాలేదు. తర్వాత ఆయన మంచం వాల్చి, చెంబుతో నీళ్లిచ్చి, “పిల్లోళ్లు బాగుండారా అన్నా?” అన్నాడు. గట్టు సంగతి ఇంకా తేలలేదు, సర్వేయరు రావాలి. పలకరింపు మాత్రం నిలిచింది.

తొలినాటి విశ్వాసులు కూడా ఏసు మాటను ఇలాగే నిత్య నియమంగా పాటించారనడానికి ‘డిడాకే’ సాక్ష్యం. 1873లో ఇస్తాంబుల్‌లో దొరికి, 1883లో అచ్చయిన చిన్న గ్రీకు పుస్తకం అది. అందులో వాదోపవాదాలు తక్కువ, నియమాలు ఎక్కువ. ప్రభువు ప్రార్థన రోజుకు మూడుసార్లు చేయాలి. బుధ, శుక్రవారాలు ఉపవాసం ఉండాలి. ఊరికి వచ్చిన బోధకుడు ఒకరోజు, అవసరమైతే రెండోరోజు ఉండొచ్చు. మూడోరోజూ తిష్ఠ వేసినా, వెళ్లేటప్పుడు దారిలో తినే రొట్టె కాక డబ్బడిగినా అతడు అబద్ధ ప్రవక్తే. మన కాలపు బోధకులను తూచడానికి ఇంతకన్నా నికరమైన కొలత నాకు కనపడలేదు.

క్రైస్తవం ఈ నేలకు దొరలతో వచ్చిందనే మాట ఉంది. లండన్ మిషనరీ సొసైటీ కడపలో పని మొదలుపెట్టింది 1822లో. కానీ వినే చెవులు అంతకుముందే సిద్ధమై ఉన్నాయి. కందిమల్లాయపల్లెలో వీరబ్రహ్మంగారి దగ్గర దూదేకుల సిద్ధయ్య, మాదిగ కక్కయ్య శిష్యులయ్యారని మన జనం చెప్పుకుంటారు. బడి, గుడి కాదన్నవాళ్లకు లోపలి దారి చూపిన గురువులు ఇక్కడ ఉండేవారు. నల్లమలకు తూర్పున, ఒంగోలు వైపు ఎర్రగుంట్ల పేరయ్య అలాంటివాడే. మాదిగ కులంలో పుట్టి, రాజయోగం సాధించి, తనవాళ్లకు గురువైనవాడు. 1866లో భార్య నాగమ్మతో బాప్తిస్మం తీసుకుని, అదే దాహంతో పల్లెపల్లె తిరిగి సువార్త చెప్పాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లఫ్ 1899లో తెచ్చిన పుస్తకం ఆ మాదిగ భక్తుల చరిత్రే. ఏసు మాట పేరయ్యకు పరాయిదనిపించలేదు. అప్పటికే వెతుకుతున్నదే చేతికందింది.

ఆ దారిని ఇప్పటికీ చప్పుడు లేకుండా నడుస్తున్నది మా సంఘాల్లోని ఆడవాళ్లు. ఎసట్లో పోయబోయే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేస్తారు. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరి, లేనివాళ్ల ఇళ్లకు వెళ్తుంది. వాన రాని ఏడు కూడా ఆ పిడికెడు తగ్గించని తల్లులను నేనెరుగుదును. కుడిచేయి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదన్న మాటకు ఇంతకుమించిన వ్యాఖ్యానం ఏ గ్రంథంలో దొరుకుతుంది?

అందుకే అసలు బోధ ఏదని అడిగే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి ఒక్కటే. వారం రోజులు ఆ మూడు అధ్యాయాలే చదవండి. చేయడానికి కష్టమనిపించిన మాటనే ముందు పట్టుకోండి. ఒక అప్పు వదిలేయడం, ఒక పగ దించుకోవడం, చేసిన దానం ఎవరికీ చెప్పకపోవడం, ఏదైనా సరే. చేశాక మళ్లీ అదే పుట తీయండి. అప్పుడు మీరు అడిగే ప్రశ్నలే మారతాయి.