చివరివాళ్లు వచ్చాక పది నిమిషాలు

విశాఖ నుంచి అరకుకు సైకిల్ మీద వెళ్తే దూరం 115 కిలోమీటర్లకు అటూ ఇటూ. పెందుర్తి, కొత్తవలస మీదుగా శృంగవరపుకోట (ఎస్.కోట) దాకా దారి దాదాపు చదును. ఎస్.కోట దాటి బొడ్డవర చేరేసరికి కొండలు ఎదురొస్తాయి. అక్కణ్ణుంచి అనంతగిరి మీదుగా గాలికొండ వరకూ ఎక్కడమే పని. బృందంగా సైకిల్ తొక్కడమంటే ఏమిటో నాకు నేర్పింది ఈ దారే.

ఎస్.కోట దాకా మేం ఒకే వరసలో పోతాం. ముందున్నవాళ్లు గాలిని చీలుస్తారు, వెనకున్నవాళ్లు ఆ నీడలో తొక్కుతారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంలో ముందువాళ్ల వెనక దగ్గరగా ఉంటే శ్రమలో పావు వంతు దాకా మిగులుతుంది. అందుకే కొంతసేపటికి ముందున్నవాళ్లు పక్కకు తప్పుకుని వెనక్కి చేరతారు, తర్వాతివాళ్లు ముందుకొస్తారు. ఇదంతా నమ్మకం మీద నడిచే వ్యవహారం. ముందువాళ్ల అవతల రోడ్డు ఎలా ఉందో మనకు కనపడదు. "గొయ్యి!" అని అరిచి చెయ్యి కిందికి చూపిస్తే ఆ మాట ఒకరి నుంచి ఒకరికి చివరిదాకా వెళ్లాలి. కొత్తగా వచ్చినవాళ్లు ముందు సైకిల్ వెనక చక్రాన్నే చూస్తూ తొక్కుతారు. చూడాల్సింది చక్రాన్ని కాదు, ముందువాళ్ల భుజాలను. బ్రేక్ పడే ముందు, పక్కకు తిప్పే ముందు భుజం కదులుతుంది.

ఘాట్ మొదలయ్యాక ఈ ఏర్పాటంతా చెల్లదు. వేగం గంటకు 8, 9 కిలోమీటర్లకు పడిపోతుంది. ఆ వేగంలో గాలి లెక్కలోకి రాదు కాబట్టి ఒకరి వెనక ఒకరు నక్కి ప్రయోజనం లేదు. ఇక మిగిలింది బరువు. మనిషి, సైకిల్, నీళ్ల సీసాలు కలిపి 90 కిలోలనుకుందాం. దాన్ని వెయ్యి మీటర్ల ఎత్తుకు చేర్చాలంటే ఒంట్లోంచి 850 కేలరీల దాకా ఖర్చవుతుంది. ఆ బరువును పక్కవాళ్లు పంచుకోలేరు. ఎవరి కాళ్లు వాళ్లవే, ఎవరి ఊపిరి వాళ్లదే.

ఇక్కడే చాలా బృందాలు దెబ్బతింటాయి. నెమ్మదిగా ఎక్కేవాళ్లు సిగ్గుపడి, ముందువాళ్లను అందుకోవాలని మొదటి మలుపుల్లోనే బలమంతా ఖర్చుపెట్టేస్తారు. దారిలోని తైడా ఊరు దాటేసరికి తొడలు పట్టేస్తాయి. వేగంగా ఎక్కగలిగినవాళ్లు మొహమాటానికి వాళ్ల పక్కనే తొక్కితే లయ తప్పి వాళ్లూ అలిసిపోతారు. కొండమీద కలిసి తొక్కాలనుకోవడం ఇద్దరికీ చేటే.

కలిసి తొక్కాలా, ఎవరి వేగం వాళ్లదా అన్న ఈ తగువు మన దగ్గర పుట్టింది కాదు. టూర్ ద ఫ్రాన్స్‌ను మొదలుపెట్టిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో ఫ్రాన్స్‌లో ఆడాక్స్ ప్రయాణాలు ఆరంభించాడు. అందులో అందరూ గుంపుగా, కెప్టెన్ పెట్టిన వేగంలోనే పోవాలి. 1921లో ఆడాక్స్ క్లబ్ పారిసియన్ వేరే దారి పట్టింది. గడువు లోపల ఎవరి వేగం వాళ్లదేనంది. ఇప్పుడు మన నగరాల్లో సైక్లిస్టులు బీఆర్ఎం అని పిలుచుకునేది ఆ రెండో సంప్రదాయమే. 200 కిలోమీటర్లకు పదమూడున్నర గంటలు, 600కు 40 గంటలు గడువు. రెండింటి మీదా నాకు గౌరవం ఉంది. అరకు దారిలో మాత్రం రెండూ కావాలి. ఎస్.కోట దాకా 1904 పద్ధతి, ఘాట్‌లో 1921 పద్ధతి. ఈ రెంటినీ అతికేది పైన ఆగి ఎదురుచూడటం. నా మటుకు అసలైన పనితనం అక్కడే ఉంది.

ఆగడం అందరూ ఆగుతారు. ఎలా ఆగుతారన్నదే తేడా. ముందు చేరినవాళ్లు ఇరవై నిమిషాలు కూర్చుంటారు, అరటిపండు తింటారు, ఫొటోలు దిగుతారు. చివరివాళ్లు రొప్పుతూ వచ్చి ఒక కాలు నేల మీద పెట్టేసరికి "వచ్చేశారుగా, పదండి" అంటూ లేస్తారు. అంటే అందరికంటే ఎక్కువ అలిసినవాళ్లకే అందరికంటే తక్కువ విశ్రాంతి. రెండు మజిలీలు ఇలా గడిస్తే ఆ మనిషి ఇంకెప్పుడూ మనతో రారు. రాకపోవడానికి కారణం తన కాళ్లేనని అనుకుంటారు కూడా. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

మా బృందంలో ఒక స్కూలు మాష్టారున్నారు. వయసులో అందరికంటే పెద్ద, ఎక్కడంలో అందరికంటే నిదానం. చిన్న గేరు వేసుకుని, సీటు మీంచి లేవకుండా, ఒకే తీరుగా తొక్కుతారు. ఒకసారి అనంతగిరిలో కాఫీ తోటల పక్కన, మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్ల కింద మేం ఆగి ఉంటే ఆయన వచ్చారు. బృందంలో అందరికంటే వేగంగా ఎక్కే కుర్రాడు లేచి ఆయన సైకిల్ అందుకుని గోడకు ఆనించాడు. "మాష్టారూ, మీరు కూర్చోండి. మీరు నీళ్లు తాగి, ఏదన్నా తిన్నాకే లెక్క మొదలు. అప్పట్నుంచి పది నిమిషాలు" అన్నాడు. ఆయన చొక్కా చెమటకు తడిసి ఒంటికి అతుక్కుపోయింది. కుర్రాడు తన విండ్‌చీటర్ తీసి ఆయన భుజాల మీద కప్పాడు. ఎక్కేటప్పుడు తెలియదు గానీ, డిసెంబరులో ఆ ఎత్తున ఆగితే తడి చొక్కాలోంచి చలి ఎముకల్లోకి దిగుతుంది. ముందొచ్చినవాళ్లు చలికి ఒణికినా సరే, ఆయన కోసం కూర్చున్నారు.

దిగేటప్పుడు పద్ధతి మళ్లీ మారాలి. ఎక్కేటప్పుడు వెనకబడ్డవాళ్లు దిగుడులో దూరం పూడ్చుకోవాలని చూస్తారు. ప్రమాదం అక్కడే పొంచి ఉంటుంది. ఒకరికొకరి మధ్య బాగా ఎడం ఉండాలి. వేగాన్ని మలుపులోకి వెళ్లకముందే తగ్గించాలి. బ్రేకులు నొక్కి పట్టుకునే ఉంటే రిమ్ములు కాలిపోతాయి, నొక్కుతూ వదులుతూ దిగాలి. మలుపు అవతల నుంచి బస్సు వస్తుందనే అనుకోవాలి, హారన్ వినపడకపోయినా.

సైకిల్ యాత్రల ప్రకటనల్లో దూరం రాస్తారు, ఎత్తు రాస్తారు, సగటు వేగం రాస్తారు. ఎక్కడెక్కడ ఆగుతారో, చివరివాళ్లు వచ్చాక ఎంతసేపు ఆగుతారో రాసినవి నాకు ఎక్కువ కనపడలేదు. వలిసె పూలు విరబూసే నెలల్లో అరకు బయల్దేరే ప్రతి బృందమూ ఆ ఒక్క వాక్యం చేర్చాలని నా కోరిక. మా తర్వాతి యాత్ర లంబసింగికి. దాని కాగితంలో మొదటి లైను అదే. ఎన్ని నిమిషాలన్నది మాష్టారే రాశారు. పది కొట్టేసి పదిహేను చేశారు.