టీఎం33 ఎవరికి తెలుసు?

2025 మార్చి 30, ఉగాది రోజు. రేషన్ షాపుల్లో సన్నబియ్యం పంపిణీని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి హుజూర్‌నగర్‌లో ప్రారంభించారు. మనిషికి నెలకు 6 కిలోలు. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే ఊరు, చుట్టూ రైస్ మిల్లులు. ఇక్కడివాళ్లకు సన్నబియ్యం వింత కాదు, రేషన్ సంచిలో రావడమే వింత. ఆ సభను రాజకీయంగా చూసినవాళ్లు చూశారు. హైదరాబాద్ గచ్చిబౌలి ఆఫీసుల్లో యూఎక్స్ (వాడకందారుల అనుభవం) డిజైనర్లుగా కుదురుకున్న కుర్రాళ్లు మాత్రం దాన్ని తమ వృత్తికి సంబంధించిన వార్తగా చదువుకోవాల్సింది.

అంతకుముందు ఏం జరిగేదో ఊళ్లో అందరికీ తెలుసు. దొడ్డుబియ్యం చాలా ఇళ్లలో పొయ్యి మీదికి ఎక్కేవి కావు. కార్డుదారు వేలిముద్ర వేసి తీసుకున్న బియ్యం దళారీ చేతికి, అక్కడి నుంచి మిల్లుకు చేరేవి. దారి మళ్లకుండా ప్రభుత్వం ఈ-పాస్ యంత్రాలు పెట్టింది, వేలిముద్రలు సరిచూసింది, కనుపాపలూ చూసింది. యంత్రం లెక్క ప్రకారం బియ్యం సరైన మనిషికే అందాయి. ఆ మనిషి వాటిని తినలేదు, అంతే. యంత్రం తెరను ఎంత అందంగా దిద్దినా తీరని సమస్య ఇది, ఎందుకంటే లోపం సంచిలో ఉంది.

ఇదే రేషన్ షాపులో ఇంకో ముచ్చట. కరోనా రోజుల్లో వేలిముద్ర మంచిది కాదని 2021 ఫిబ్రవరిలో ఓటీపీ, కనుపాప పద్ధతి తెచ్చారు. కాగితం మీద గీసి చూస్తే ఓటీపీ అంత శుభ్రమైన ఏర్పాటు మరొకటి లేదు: నంబర్ వస్తుంది, చెప్తారు, బియ్యం ఇస్తారు. తీరా చూస్తే ఎందరి ఆధార్‌కో ఫోన్ నంబర్ జతై లేదు. జతై ఉన్నా ఆ ఫోన్ హైదరాబాద్‌లో ఉన్న కొడుకు జేబులో ఉంటుంది. రేషన్ షాపు ముందు తగ్గాల్సిన గుంపు ఆధార్ కేంద్రాల ముందు చేరింది.

డిజైనర్లు నలుగురు కలిస్తే వినిపించే ఫిర్యాదు ఒకటుంది: మా మాట ఎవరూ వినరు, అంతా అయిపోయాక పిలిచి బటన్ రంగు మార్చమంటారు. ఫిర్యాదు నిజమే. కానీ అందులో సగం తప్పు ఫిర్యాదు చేసేవాళ్లదే. వాడేవాడి అనుభవాన్ని నిర్ణయించే సంగతులు తెర దాకా రాకముందే ఒక ఫైల్లోనో, జీవోలోనో, ఫీజుల పట్టికలోనో తేలిపోతాయి. అవి తమ పని కాదనుకున్నవాడికి రంగులే మిగులుతాయి.

తెలంగాణలో దీనికి భూరికార్డుల పోర్టల్ ధరణిని మించిన ఉదాహరణ లేదు.

2020 అక్టోబర్ 29న మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. దాన్ని తిట్టేవాళ్లు మర్చిపోయే విషయం ఒకటుంది. అంతకుముందు భూమి కొన్న రైతు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ చేయించుకుని, మ్యుటేషన్ కోసం మళ్లీ తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగాలి. ధరణి ఆ రెండు పనులనూ తహసీల్దార్ ఆఫీసులోనే, ఒకే పూటలో ముగించింది. స్లాట్ బుక్ చేసుకుని వెళ్తే పని అయిపోతుంది. రికార్డు సక్రమంగా ఉన్న రైతుకు అది నిజంగా మంచి డిజైన్.

రికార్డు సక్రమంగా లేని రైతు సంగతి వేరు. ఫిర్యాదులు వచ్చిన కొద్దీ ఒక్కో రకం తప్పుకు ఒక్కో మాడ్యూల్ చేర్చుకుంటూ పోయారు. చివరికి అవి 33 అయ్యాయి. ఇంటికి గది మీద గది వేసుకుంటూ పోతే వంటింటికి దారెటో ఇంటివాళ్లకే తెలియకుండా పోయినట్టు తయారైంది. పాస్‌బుక్‌లో పేరు, విస్తీర్ణం వంటి తప్పులు దిద్దడానికి టీఎం33. నిషేధిత జాబితాలో పడ్డ భూమికి టీఎం15. మీసేవ కౌంటర్ దగ్గర ఇలాంటి మాటలు నడిచేవి:

“బిడ్డా, నా భూమిల రెండు గుంటలు తక్కువ పడ్డయి. జర ఎక్కియ్యరాదు?”

“ఎక్కిస్త పెద్దాయినా. ఏ మాడ్యూల్ల పెట్టాలె మరి?”

పెద్దాయనకు గుంటలు తెలుసు, సర్వే నంబర్ తెలుసు, గట్టు అవతల ఎవరున్నారో తెలుసు. మాడ్యూల్ నంబర్ తెలియాల్సిన అవసరం ఆయనకు పుట్టుకతో లేదు. దరఖాస్తు తిరస్కరణకు గురైతే మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి. రైతుకున్న బాధను అతని మాటల్లో అడిగి, అది ఏ విభాగానికి పోవాలో లోపల యంత్రమే తేల్చుకోవడం డిజైనర్ల ప్రాథమిక పాఠం. ప్రభుత్వ శాఖ తన ఫైళ్లను ఎలా పేర్చుకుందో పౌరుడికి కంఠతా రావాలని కోరడం దానికి పూర్తిగా ఎదురు.

అయినా మాడ్యూళ్లు పైపై సంగతే. అసలు కథ ఒక కాలమ్‌ది. పాత పహాణీలో పట్టాదారు పేరు పక్కన అనుభవదారు పేరు రాసే కాలమ్ ఉండేది. భూమి ఎవరిదో ఒకచోట, దున్నుతున్నది ఎవరో ఇంకోచోట. ధరణిలో ఆ రెండో కాలమ్ లేదు. కౌలు రైతు, తెల్లకాగితం మీద సాదాబైనామా (రిజిస్టర్ కాని అమ్మకపు పత్రం) రాయించుకుని ఏళ్లుగా సాగు చేసుకుంటున్న రైతు రికార్డులోంచి మాయమయ్యారు. 2018 మే 10న మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం డబ్బులు కూడా పట్టాదారు ఖాతాకే వెళ్లాయి. తెర మీద ఒక గడి తగ్గితే చూడటానికి శుభ్రంగానే ఉంటుంది. ఆ గడి ఎవరి బతుకో అడగాల్సిన మనిషి నిర్ణయం తీసుకునే గదిలో ఉండాలి.

ఇంకొకటి, సరిదిద్దుకునే దారి. చెయ్యి జారి ఏదో నొక్కితే వెనక్కి రావడానికి ఒక బటన్ పెట్టాలని యూఎక్స్ నేర్చుకునేవాడికి మొదటి నెలలోనే చెప్తారు. ధరణికి ఆధారమైన 2020 చట్టం మాత్రం రెవెన్యూ కోర్టులను రద్దు చేసింది. రికార్డులో తప్పు పడితే పైఅధికారికి అప్పీలు చేసుకునే వీలు లేదు, సివిల్ కోర్టుకు పోవాలి. చాలా దరఖాస్తుల మీద నిర్ణయం జిల్లా కలెక్టర్ చేతిలోనే పెట్టారు. రెండు గుంటల తప్పుకు కలెక్టర్ సంతకం! 2024 ఫిబ్రవరి నాటికి దాదాపు రెండున్నర లక్షల దరఖాస్తులు పేరుకుపోయాయి. అధికారాలను తహసీల్దార్లకు, ఆర్డీవోలకు పంచి మార్చిలో స్పెషల్ డ్రైవ్ పెట్టాల్సి వచ్చింది. వెనక్కి వచ్చే బటన్‌ను సాఫ్ట్‌వేర్‌లో పెట్టడం తేలిక, చట్టంలో పెట్టించాలంటే బిల్లు రాసేవాళ్ల పక్కన కూర్చోవాలి.

అక్కడ కూర్చోబెడతారా? అడిగితే కూర్చోబెట్టరు. చూపిస్తే కొంత ఆశ ఉంది. అమెరికా వాడుక పరిశోధకుడు జారెడ్ స్పూల్ 2011లో ఒక లెక్క చెప్పాడు: టీమ్‌లో ప్రతి ఒక్కరూ ఆరు వారాలకోసారి కనీసం రెండు గంటలు నిజమైన వాడకందారులను కళ్లారా చూడాలి. బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం దాన్ని తన పద్ధతిగా తీసుకుంది. ఇందులో కీలకం ‘ప్రతి ఒక్కరూ’ అన్న చోట ఉంది. డిజైనర్ ఒక్కడే వెళ్లి వచ్చి 40 స్లైడ్లు చూపిస్తే అది అతని అభిప్రాయం అవుతుంది. కోడ్ రాసేవాడినీ, బడ్జెట్ సంతకం పెట్టేవాడినీ వెంట తీసుకెళ్లి మీసేవ బెంచీ మీద కూర్చోబెడితే అది వాళ్లే చూసిన నిజం అవుతుంది. పలుకుబడి అక్కడ పుడుతుంది. చక్కగా వాదించే డిజైనర్లకంటే పెద్దసారును బండి ఎక్కించుకుని తిప్పగలిగిన డిజైనర్లు ఎక్కువ పనులు సాధిస్తారన్నది ఈ కాలమిస్టు అభిప్రాయం.

ధరణి తప్పులను పరిశీలించడానికి 2024 జనవరిలో ప్రభుత్వం ఐదుగురితో కమిటీ వేసింది. కాంగ్రెస్ నాయకుడు కోదండరెడ్డి, భూచట్టాల నిపుణుడు సునీల్ కుమార్ వంటివారు అందులో ఉన్నారు. దాని తర్వాత వచ్చిన భూభారతి చట్టం 2025 ఏప్రిల్ 14 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పీలుకు రెండు అంచెలు వచ్చాయి, పహాణీలోంచి తీసేసిన వివరాలు తిరిగి చేరాయి, 33 మాడ్యూళ్లు ఆరుకు దిగాయి. ముందు నాలుగు మండలాల్లో పెట్టి చూశారు: మద్దూరు, లింగంపేట, వెంకటాపూర్, నేలకొండపల్లి. రాష్ట్రమంతా ఒక్కరోజే తెరిచేయకుండా చిన్నచోట నడిపి చూడటం డిజైనర్లు రోజూ మొత్తుకునే పద్ధతే. తర్వాత జూన్‌లో రెవెన్యూ సదస్సుల పేరుతో అధికారులు ఊళ్లకే వెళ్లి కాగితం మీద దరఖాస్తులు తీసుకున్నారు. 8 లక్షలకు పైగా వచ్చాయి. ఎవరూ ఆ పేరుతో పిలవకపోయినా, వాడకందారుల బాధలను వాళ్ల మాటల్లోనే సేకరించిన ఇంత పెద్ద పని ఈ దేశంలో ఏ కంపెనీ డిజైన్ విభాగమూ చేసి ఉండదు.

ఆ కాగితాల్లో ఏముందన్నది ఇప్పుడు అసలు ప్రశ్న. ఆరు మాడ్యూళ్లు అనగానే పని సులువైందని చప్పట్లు కొట్టేయడం తొందరపాటు. తలుపులు తగ్గించి ఒక్కో తలుపు వెనక ఆరేసి అరలు పెట్టినా లెక్క ఆరే అవుతుంది. రైతు “రెండు గుంటలు తక్కువ పడ్డయి” అని రాసిన కాగితాన్ని ఆపరేటర్ ఏ అరలో వేశాడు, అది ఎన్నిసార్లు తిరిగి వచ్చింది, తిరిగి రావడానికి భూమి వివాదం కారణమా, తప్పు అర కారణమా? ఐఐటీ హైదరాబాద్‌లో డిజైన్ విభాగం ఉంది. ఏటా పట్టా పుచ్చుకుని బయటికొచ్చే పిల్లల చేతి సంచుల్లో ఫుడ్ డెలివరీ యాప్‌లకు కొత్త ముఖాలు గీసిన ప్రాజెక్టులు దండిగా ఉంటాయి. గరిడేపల్లిలోనో, మట్టంపల్లిలోనో ఒక తహసీల్దార్ ఆఫీసు వరండాలో వారం రోజులు కూర్చుని, తిరస్కరణకు గురైన వంద దరఖాస్తులను పై ప్రశ్న ప్రకారం రెండు కుప్పలుగా విడదీస్తే చాలు. ఆ రెండు కుప్పలూ పట్టుకుని భూ పరిపాలన ప్రధాన కమిషనర్ ఆఫీసుకు వెళ్లిన డిజైనర్‌ను బటన్ రంగు గురించి ఎవరూ అడగరు.